చల్లారగానే రాళ్లయిపోతున్న శొంఠి కుకీలు

ప్రశ్న: నమస్తే అక్కా. మాది రాజమహేంద్రవరం. పోయినేడాది మా అమ్మాయి పురిటికని బోస్టన్ దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చాను. క్రిస్మస్ రోజు పక్కింటి పెద్దావిడ రేకు డబ్బాలో అల్లం కుకీలు పెట్టి ఇచ్చింది. పైన బీటలు, పంచదార పలుకులు, లోపల మాత్రం ఎంతో మెత్తగా ఉన్నాయి. ఐదేళ్ల మనవరాలు ఆ వారమంతా అవి తప్ప ఇంకేమీ ముట్టలేదు. ఈ సంక్రాంతికి వాళ్లు ఇక్కడికి వస్తున్నారు, నా చేత్తో చేసి పెట్టాలని ఉంది. మా చిన్న ఓటీజీలో మూడుసార్లు చేశాను. మొదటిసారి అమ్మాయి ఫోన్‌లో 350 డిగ్రీలు అంది, మా ఓవెన్‌లో 250 వరకే ఉంటే చివరిదాకా తిప్పాను, అడుగు మాడిపోయింది. రెండోసారి వేడి తగ్గించాను, పన్నెండు నిమిషాలకు చూస్తే ఇంకా మెత్తగా ఉన్నాయని మరో ఆరు నిమిషాలు ఉంచాను, చల్లారాక రాళ్లే. మూడోసారి ఆన్‌లైన్‌లో మొలాసిస్ సీసా తెప్పించి వేస్తే ఒకటే చేదు. మన బెల్లంతో కుదరదా? మా అత్తగారు గుడ్డు తినరు, ఆవిడకూ పెట్టే దారి ఉందా? కప్పుల లెక్క కూడా సరిగ్గా అర్థం కావడం లేదు. కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. మూడుసార్లు మూడు వేరే వేరే కారణాలతో పాడయ్యాయి, మీ చేతిలో లోపం ఏమీ లేదు. బెల్లంతో బ్రహ్మాండంగా కుదురుతుంది, గుడ్డు లేకుండా కూడా కుదురుతుంది. కానీ వాటన్నిటికన్నా ముందు ఆ రెండోసారి సంగతి మాట్లాడుకోవాలి, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది, చాలామంది దెబ్బతినేదీ అక్కడే.

పన్నెండు నిమిషాలకు తలుపు తీసి చూశారు, వేలితో నొక్కితే దిగబడింది, ఉడకలేదనుకున్నారు. నిజానికి అప్పటికే అయిపోయాయి, ఇంకా చెప్పాలంటే ఒక నిమిషం దాటాయి కూడా. ఓవెన్‌లో ఉన్నంతసేపు వెన్న కరిగి ఉంటుంది, చక్కెర కరిగి ఉంటుంది, కాబట్టి ఆ వేడిలో ఏ కుకీ అయినా మెత్తగానే తగులుతుంది, రేపు రాయి కాబోయేది కూడా. బయటికి తీశాక వెన్న గడ్డకట్టి, చక్కెర బిగుసుకున్నాకే అసలు రూపం వస్తుంది. పైగా ట్రే వేడికి మరో ఐదారు నిమిషాలు అవి ఉడుకుతూనే ఉంటాయి. మీరు గోదావరి జిల్లావాళ్లు, అరిసెలు చేసి ఉంటారు కదా. నీళ్లలో వేసిన పాకం ఉండ కట్టీ కట్టనట్టు మెత్తగా ఉన్నప్పుడే దించేస్తాం, ఇంకొక్క నిమిషం అనుకుంటే పిండి బిగిసిపోతుంది, పండగంతా పళ్లకు పరీక్షే. ఇక్కడా అదే నియమం: మీకు ‘అయ్యాయి’ అనిపించేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైపోయినట్టు.

మరి ఎప్పుడు తీయాలి? వేలితో నొక్కి చూడొద్దు, కళ్లతో చూడండి. అంచు చుట్టూ వేలెడు మేర రంగు తేరి, నిగనిగ తగ్గి, ట్రేకి పట్టుకుని నిలబడి ఉండాలి. పైన బీటలు విచ్చుకుని ఉంటాయి, ఆ బీటల లోపలికి చూడండి, అక్కడ పిండి ఇంకా తడిగా, పచ్చిగా ఉన్నట్టు మెరుస్తూ ఉండాలి. నడుమ కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ స్థితిలో భయపడకుండా ట్రే బయటికి లాగేయండి. లాగాక కుకీలను కదపొద్దు, అట్లకాడతో ఎత్తబోతే విరిగిపోతాయి. ఎనిమిది నిమిషాలు ట్రే మీదే వదిలేస్తే ఉబ్బిన నడుము మెల్లగా దిగుతుంది, బీటలు ఇంకొంచెం తెరుచుకుంటాయి, అంచులు గట్టిపడతాయి. అప్పుడు తీసి జాలీ మీదో పళ్లెంలోనో పెట్టుకోండి. నేను మొదటి రోజుల్లో రెండు ట్రేలు వరసగా పాడు చేసుకున్నాక, మూడో ట్రేలో రెండేసి కుకీల్ని ఎనిమిది, తొమ్మిది, పది, పన్నెండు నిమిషాలకు విడివిడిగా తీసి, పక్కన చీటీలు పెట్టి, మర్నాడు పొద్దున విరిచి చూశాను. మా ఓవెన్‌కి తొమ్మిదిన్నర అని ఆ రోజు తేలింది, ఇన్నేళ్లయినా అదే లెక్క. మీరూ మీ ఓటీజీకి ఒకసారి ఇలా చేసుకోండి, ఒక ట్రే కుకీల ఖర్చుతో జన్మకి సరిపడా తెలిసిపోతుంది.

ఇక మొదటిసారి సంగతి. మీ అమ్మాయి చెప్పిన 350 ఫారెన్‌హీట్, అమెరికా ఓవెన్లన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి. మన సెల్సియస్ లెక్కలో అది దాదాపు 175 డిగ్రీలు. మీరు 250 పెట్టారు, అంటే వాళ్ల లెక్కలో 480 పైమాటే, మాడకుండా ఎలా ఉంటాయి! చిన్న ఓటీజీల్లో రాడ్లు ట్రేకి మరీ దగ్గరగా ఉంటాయి కాబట్టి మధ్య అరలో పెట్టి, పైనా కిందా రాడ్లు రెండూ వేసి, ఖాళీ ఓవెన్‌ని 175 దగ్గర పావుగంట వేడెక్కించి, ఆ తర్వాతే ట్రే లోపల పెట్టండి. అయినా అడుగు నల్లబడుతుంటే ఒకదాని మీద ఒకటి రెండు ట్రేలు వేసి చూడండి. పల్చటి నల్ల ట్రే అడుగును తొందరగా మాడుస్తుంది, రెండు ట్రేలు వేస్తే ఆ గొడవ పోతుంది.

మూడోసారి చేదుకి కారణం ఆ సీసానే. మీ సీసా మీద చూడండి, బ్లాక్‌స్ట్రాప్ అని ఉండి ఉంటుంది, మన దగ్గర ఆన్‌లైన్‌లో ఎక్కువగా దొరికేది అదే. చెరకు రసం కాచి పంచదార తీస్తే మిగిలే నల్లటి జిగురుపాకం మొలాసిస్. మొదటిసారి తీశాక మిగిలింది తియ్యగా, లేతగా ఉంటుంది, మూడోసారి కూడా కాచి తీశాక మిగిలిన చివరిదే బ్లాక్‌స్ట్రాప్. అందులో తీపి తక్కువ, చేదు ఎక్కువ. ఆ పెద్దావిడ వాడింది మొదటి రకమో రెండో రకమో అయ్యుంటుంది. ఉన్న సీసా పారేయకండి, ప్రతిసారీ బెల్లం పాకంలో ఒక చిన్న చెంచా కలపండి, రంగు, ఆ లోతైన రుచి వస్తాయి, చేదు తెలియదు.

అసలు అల్లం కుకీల్లో వాళ్లు మొలాసిస్ వేయడానికి కారణం ఒకప్పుడు అది పంచదార కన్నా చవక కావడం. కరీబియన్ దీవుల్లో చెరకు పండించి పంచదార తీశాక మిగిలిన పాకాన్ని పీపాల్లో మీ అమ్మాయి ఉన్న ఆ న్యూ ఇంగ్లండ్ రేవులకే తెచ్చేవారు, రమ్ము కాచడానికీ, వంటకీ. బోస్టన్‌కి దగ్గరలోనే మార్బుల్‌హెడ్ అని చేపలు పట్టేవాళ్ల ఊరు ఉంది. ఆ ఊరి పేరు చెప్పగానే అక్కడివాళ్లకి జో ఫ్రాగర్స్ అనే పెద్ద పెద్ద మెత్తటి మొలాసిస్ కుకీలు గుర్తొస్తాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పాల్గొన్న జోసెఫ్ బ్రౌన్ అనే నల్లజాతి ఆయన, భార్య లుక్రీషియా ఆ ఊళ్లో చెరువు పక్కన సత్రం నడిపేవారు, ఆ కుకీలు ఆవిడ చేతివేనని చెప్పుకుంటారు. అల్లం, లవంగం, జాజికాయ, కాస్త రమ్ము, ఉప్పు బదులు సముద్రం నీళ్లు. పాతకాలపు పద్ధతిలో గుడ్డు ఉండదు. వేటకు వెళ్లే జాలర్లు వాటిని పడవల్లో పెట్టుకుపోయేవారట, రోజుల తరబడి ఎండిపోకుండా ఉంటాయి కాబట్టి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ అత్తగారి గురించి అడిగారు కదా, గుడ్డు లేకపోతే మెత్తదనం రాదనే భయం అక్కర్లేదు. మెత్తదనం ఇచ్చేది ఆ మొలాసిస్ పాకం. అందులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి, అవి తేమను వదలవు. మన బెల్లంలోనూ అవి కొంత ఉన్నాయి. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని డబ్బాలో బెల్లం చెమ్మగిల్లి కారడం చూసే ఉంటారు, గాలిలో తేమను లాక్కునే ఆ గుణమే కుకీలో మనకి పనికొస్తుంది.

అందుకే బెల్లం ఎంచుకోవడంలో కాస్త శ్రద్ధ పెట్టండి. పచ్చగా, లేత బంగారు రంగులో మెరిసే బెల్లం కంటికి బాగుంటుంది కానీ దీనికి పనికిరాదు, ఆ రంగు కోసం చాలాచోట్ల హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు కూడా. ముదురు గోధుమ రంగు బెల్లం అడగండి, అనకాపల్లి బెల్లం మీకు దగ్గరే. తాటిబెల్లం దొరికితే సగం అది, సగం ఇది కలపండి, ఆ పొగ వాసనా శొంఠీ భలేగా కలుస్తాయి.

ఇప్పుడు కొలతలు. కప్పుల లెక్క వదిలేయండి, అది మీకే కాదు, అందరికీ తలనొప్పే. అదే కప్పులో మైదా వదులుగా పోస్తే 120 గ్రాములు, డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దాటుతుంది, అంత పిండి ఎక్కువైతే కుకీ మెత్తగా ఎందుకుంటుంది? వంటింటికి ఒక చిన్న తూకం కొనుక్కోండి, ఈ ఒక్క పనితో సగం టెన్షన్ పోతుంది. మైదా 150 గ్రాములు, వెన్న 85 గ్రాములు, బెల్లం 110 గ్రాములు, పంచదార 30 గ్రాములు, ఒక గుడ్డు పచ్చసొన, వంటసోడా అర చెంచా. చెంచా అంటే 5 మిల్లీలీటర్ల కొలత చెంచా, కాఫీ కలుపుకునేది కాదు. ఉప్పు వెన్న అయితే వేరే ఉప్పు వద్దు, ఉప్పు లేనిదైతే పావు చెంచా వేసుకోండి. వీటితో పదమూడో పద్నాలుగో వస్తాయి. వెన్న బదులు నెయ్యి వేద్దామని చాలామందికి అనిపిస్తుంది, కానీ నెయ్యిలో నీళ్ల అంశం ఉండదు, నానఖటాయిలా గుల్లగా పొడిపొడిగా వస్తాయి. అదీ మంచి రుచే, కానీ మీ మనవరాలు అడిగేది అది కాదు.

గుడ్డులో తెల్లసొన వేయొద్దు, ఎండబెట్టే గుణం దానిదే. మీ అత్తగారి కోసం చేసేటప్పుడు పచ్చసొన బదులు గట్టి పెరుగు ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్లు వేయండి. నీళ్లు వడిసిన పెరుగైతే మంచిది. పెరుగు పులుపు సోడాకి కూడా అవసరమే, మొలాసిస్‌లో పులుపు ఉంటుంది, బెల్లంలో అంత ఉండదు, సోడా మిగిలిపోతే సబ్బు రుచి తగులుతుంది. పచ్చసొన వేసే విడతలో ఆ లోటుకి అర చెంచా నిమ్మరసం పిండుకోండి. సోడా ఇంట్లో లేదని ఈనో పొడి మాత్రం వేయకండి, అది తడి తగలగానే పొంగి అయిపోతుంది, మన పిండి గంటసేపు ఆగాలి.

మసాలా దగ్గర నాకు పట్టుదల ఎక్కువ. కొట్లో దొరికే శొంఠి పొడి ఎన్నాళ్ల నుంచి ఉందో తెలియదు. మీరు పురిటికి వెళ్లేటప్పుడు బాలింతకి పెట్టే కాయం కోసం శొంఠి కొమ్ములు కొనే ఉంటారు, అలాంటివే తీసుకోండి. పైన తెల్లగా సున్నం పట్టి ఉంటే గీకేసి, రోట్లో నలగ్గొట్టి, ఆ తర్వాత మిక్సీ పట్టి, సన్నటి జల్లెడలో జల్లించండి. పీచు పైన దూదిలా మిగిలిపోతుంది, అడుక్కి లేత పసుపు పొడి దిగుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్లు చెమ్మగిల్లాలి. అల్లం వెల్లుల్లి నూరే జార్ మాత్రం వాడకండి, ఎంత కడిగినా వెల్లుల్లి వాసన తీపిలో పట్టేస్తుంది. ఈ పొడి చెంచాన్నర, దాల్చినచెక్క పొడి ముప్పావు చెంచా, లవంగాల పొడి పావు చెంచాకి తక్కువే, రెండు మిరియాల గింజల పొడి, కాస్త జాజికాయ గీరు. లవంగం ఎక్కువైతే పన్నునొప్పి మందు గుర్తొస్తుంది. యాలకులు వేయాలని మన చెయ్యి లాగుతుంది కానీ వేస్తే పాయసం వాసన వచ్చి శొంఠి వెనక్కి పోతుంది, ఈ ఒక్కదానికి ఆపుకోండి. శొంఠి బదులు పచ్చి అల్లం సరిపోతుందా అని అడుగుతుంటారు. అల్లంలో ఘాటునిచ్చే జింజెరాల్ అనే పదార్థం ఎండేటప్పుడు కొంత షోగాల్‌గా మారుతుంది, ఘాటు దానికే ఎక్కువ, షోగా అంటే జపాన్ భాషలో అల్లమే. పచ్చి అల్లం ఓవెన్ వేడికి మెత్తబడి తీపి వాసనతో మిగులుతుంది తప్ప గొంతులో వెచ్చదనం ఇవ్వదు. కావాలంటే శొంఠితో పాటు ఒక చెంచా సన్నటి అల్లం తురుము వేయండి, నాకు అది చాలా ఇష్టం. పాపకి కారం అనిపిస్తుందనుకుంటే మిరియాలు మానేయండి, శొంఠి తగ్గించకండి.

చేసే తీరు చూద్దాం. బెల్లం తురిమి రెండు పెద్ద చెంచాల నీళ్లు పోసి సన్న సెగన కరిగించండి. కరగ్గానే దించాలి, బుడగలు వచ్చి తీగపాకం దాకా పోయిందంటే మీరు కుకీ కాదు, చిక్కీ మొదలుపెట్టినట్టు. వేడిగా ఉండగానే వడగట్టండి, ఇసుక, చెరకు పీచు పోతాయి. ఆ వేడిలోనే వెన్న ముక్కలు, పంచదార వేసి తిప్పితే వెన్న కరిగి నల్లగా మెరుస్తూ చిక్కటి ద్రవం అవుతుంది. పూర్తిగా చల్లారనివ్వండి, గిన్నె అడుగు చేతికి వెచ్చగా కూడా తగలకూడదు, లేకపోతే పచ్చసొన ఉడికిపోతుంది. అప్పుడు పచ్చసొనో పెరుగో కలిపి, సోడా, మసాలాలు కలిపి జల్లించిన మైదా పోసి, గరిటెతో తెల్లటి పిండి కనపడనంతవరకే కలపండి. చపాతీ పిండిలా పిసకొద్దు, ఎంత మర్దిస్తే అంత సాగి, అంత బిరుసు. చూస్తే జారుడుగా, చేతికంటేలా ఉంటుంది, కంగారుపడి మైదా అదనంగా వేయకండి, రాళ్లయ్యే ఇంకో దారి అదే. మూత పెట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే వెన్న గడ్డకట్టి, పిండి తడి పీల్చుకుని చక్కగా ఉండకి వస్తుంది. రాత్రంతా ఉంచితే మసాలా ఇంకా బాగా దిగుతుంది.

నిమ్మకాయంత ఉండలు, 30 గ్రాములు తూగేట్టు చేసి, పళ్లెంలో పోసిన పంచదారలో దొర్లించండి. దీనికి మన మామూలు పంచదారే చాలు, పలుకు పెద్దది కాబట్టి పైన మెరుస్తూ కరకరలాడుతుంది. బటర్ పేపర్ వేసిన ట్రేలో ఆరంటే ఆరే పెట్టండి, ఒక్కోటీ అరచేతి నడుము మేర విప్పారుతుంది. అదిమి పెట్టొద్దు, ఉండగానే ఉండనివ్వండి. రెండో విడతకి ట్రే చల్లారాలి, వేడి ట్రే మీద పెడితే ఓవెన్‌లోకి వెళ్లకముందే వెన్న కరిగి అట్టులా పరుచుకుంటాయి. మిగతా ఉండలు అంతవరకు ఫ్రిజ్‌లోనే ఉండాలి. సంక్రాంతికి చలి ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు, మే నెలలో చేస్తే ఈ ఒక్క జాగ్రత్త తప్పితే పనంతా పాడవుతుంది. తొమ్మిదో నిమిషం నుంచి తలుపు దగ్గరే నిలబడండి.

గోధుమపిండితో చేయాలనిపిస్తే ముందు సగం మైదా, సగం గోధుమపిండితో చేసి చూడండి, పాలు ఒక పెద్ద చెంచా అదనంగా పడతాయి. పూర్తిగా గోధుమపిండి అయితే రుచి బాగానే ఉంటుంది కానీ ఆ సాగే మెత్తదనం రాదు, ఇది నా అభిప్రాయం.

పూర్తిగా చల్లారాకే స్టీలు డబ్బాలో పెట్టి గట్టిగా మూత బిగించండి, వెచ్చగా ఉండగా పెడితే ఆవిరి పట్టి పైన పంచదార కరిగి జిగటవుతుంది. మూడోరోజు, నాలుగోరోజు ఇంకా రుచిగా ఉంటాయి. ఎప్పుడైనా కాస్త బిగిసినట్టు అనిపిస్తే డబ్బాలో ఒక బ్రెడ్డు ముక్క పెట్టి రాత్రంతా మూసేయండి, పొద్దునకి బ్రెడ్డు ఎండిపోతుంది, కుకీలు మెత్తబడతాయి. జంతికలూ ఇవీ ఒకే డబ్బాలో పెట్టకండి, రెండూ చెడతాయి.

పాపని పక్కన కూర్చోబెట్టుకుని పంచదారలో దొర్లించే పని ఇవ్వండి, ఆ వయసు పిల్లలకి అదే పండగ. కాకపోతే పచ్చి పిండి నాకనివ్వొద్దు, అందులో పచ్చి గుడ్డూ పచ్చి మైదా రెండూ ఉన్నాయి, పిల్లల కడుపుకి మంచిది కాదు. వాళ్లు వచ్చే వారం మీకు పిండివంటలతో ఊపిరాడదు కాబట్టి, ఇప్పుడే ఒకసారి చేసి మీ ఓవెన్ నిమిషాలు తేల్చుకోండి. తర్వాత పండక్కి వారం ముందు రెండు విడతలు, మీ అత్తగారివి వేరుగా, ఉండలు చుట్టి పళ్లెంలో డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి, గట్టిపడ్డాక కవర్లలో వేసి, పెరుగువి ఏవో పచ్చసొనవి ఏవో పేర్లు రాసుకోండి. పాప నిద్ర లేచి అడిగిన రోజు ఆరు ఉండలు తీసి, ఓవెన్ వేడెక్కే పావుగంట బయట పెట్టి, అప్పటికప్పుడు పంచదారలో దొర్లించి లోపల పెట్టండి. చల్లగా ఉంటాయి కాబట్టి మామూలుకన్నా ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.